కాసాబ్లాంకా ద్రాక్ష, మన బోరుబావి

మంగళవాడ వైపు మనవాళ్లు ఇద్దరు కూర్చుంటే బోరుబావి ప్రస్తావన రాక మానదు. ఆ వెనుకనే "ద్రాక్ష వేస్తే ఎట్లా వుంటుంది?" అనే మాటా వస్తుంది. అందుకని దక్షిణ అమెరికాలో, చిలీ దేశపు కాసాబ్లాంకా లోయ సంగతి కొంత ముచ్చటించదలచినాము.

ఆ లోయ సాంటియాగో నగరానికీ వాల్పరైసో రేవుకూ నడుమ వున్నది. ఒకప్పుడు పశువుల మేతబీళ్లు. 1982లో పాబ్లో మొరాందే అక్కడ ద్రాక్ష నాటించారు. పక్కనే పసిఫిక్ సముద్రం. అందులో హంబోల్టు అనే చల్లని ప్రవాహం. తెల్లవారేసరికి పొగమంచు లోయలోకి పాకి వస్తుంది. ఆ చలికి కాయ నిదానంగా పండి, తీపి ఎక్కినా పులుపు నిలుస్తుంది. తెల్ల వైనుకే ముందు పేరు వచ్చినా, పినో న్వార్ అనే పలుచని తోలు ద్రాక్షతో ఎర్ర వైనూ చక్కగా కుదిరింది. రసంలో రంగు లేదు సుమండీ! తోళ్లతో కలిపి పులియబెడితేనే ఆ ఎరుపు.

మనకు సముద్రపు చలి లేదు. నందికొండ చెంత 1988లో కన్వల్ గ్రోవర్ స్థాపించిన తోటకు ఎత్తే చల్లదనం. అక్కడైనా తీగ నిద్రపోదు గనుక ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒకటే కాపు. పావగడ ఎండకు ఆపాటి చలీ కరువే.

కాసాబ్లాంకాకు ఆండీస్ మంచు కరిగి పారే నది లేదు. తోటలు బావులనే నమ్ముకున్నవి. 2010 మొదలు చిలీ నడిభాగాన్ని పట్టిన దీర్ఘ అనావృష్టి ఆ బావులనూ పీడించింది.

మన రైతు తీగ కొనకముందే, బోరు ఏప్రిల్‌లో ఎంత పోస్తుందో కొలుచుకోవాలని మా అభిప్రాయం. వేసవి కత్తిరింపు తర్వాతనే తీగకు దాహం ఎక్కువ.