పిల్లల చేతి ఫోను - మెదడులోని ఆశ

ఎదిగిన పిల్లలు గల సంఘ సభ్యులకు ఈ నాలుగు మాటలు. మా జాలహళ్ళిలో (బెంగుళూరు జాలహళ్ళి కాదు, దేవదుర్గ తాలూకాది) నూలుకు వచ్చినవారు ఈమధ్య మజూరీ కంటె పిల్లల సంగతే ఎక్కువగా చెప్పుచున్నారు. పదునైదేండ్ల కుర్రవాడు రాత్రి రెండు గంటలదాక ఫోను విడువడు. ఉదయము బడికి లేవడు. కండెలు చుట్టమన్న విసుగుకొనును. "వానికి సోమరితనము పట్టినదండీ" అని తండ్రుల తీర్పు. ఈ తీర్పును మేము ఒప్పుకొనలేము.

మెదడు లోపల ఆశను నడిపించు భాగమొకటి కలదు. అచ్చట డోపమిన్ అను రసాయనము పనిచేయును. అది సుఖమునిచ్చు రసమని చెప్పుట వాడుక. అది సగము మాటయే. 1990 దశకమున వుల్ఫ్రామ్ షుల్ట్స్ అను శాస్త్రజ్ఞుడు కోతులకు పండ్లరసపు చుక్కలిచ్చి పరీక్షించెను. అనుకోకుండ రసము దొరికినప్పుడు డోపమిన్ కణములు చురుకైనవి. దీపము వెలిగిన పిమ్మట రసము వచ్చునని కోతి నేర్చుకొన్నాక, అవి రసమునకు గాక దీపమునకే చలించినవి. రావలసిన రసము రానప్పుడు మామూలుకంటె మందగించినవి.

ఫోనులోని 'టింగు'మను శబ్దమే మన పిల్లలకు ఆ దీపము. తరువాతి వీడియో బాగుండునో లేదో, లైకు ఎప్పుడు వచ్చునో తెలియదు. తెలియనందుననే వ్రేలు ఆగదు. జూదపు పట్టు కూడ ఇట్టిదే. మగ్గము సంగతి వేరు. పడుగు అతికి, నేసి, చీర కోసినగాని మజూరీ లేదు. దినములకొకసారి వచ్చు ఫలమును క్షణమునకొకటి వచ్చు ఫలముతో పోటీపెట్టి, పిల్లవాడు ఓడెనని కోపించుట ఏమి న్యాయము?

ఈ ఆశ పెద్దలకును ఉన్నది. అన్నము ముందర రీల్సు చూచు తండ్రులను మేమెరుగుదుము. కాని పిల్లలలో ఆశ భాగము మిక్కిలి చురుకు. దానిని అదుపుచేయు నొసటి వెనుకటి భాగము ఇరువది అయిదేండ్ల ప్రాయము దాక పక్వమగుచునే యుండును. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు 2016లో ప్రకటించిన పరిశోధనలో 13-18 ఏండ్ల పిల్లలకు ఫోటోలు చూపుచు మెదడును పరీక్షించిరి. తమ ఫోటోకు ఎక్కువ లైకులు కనబడినప్పుడు ఆ భాగము ఎక్కువగా పనిచేసినది. ఆ లైకులు పరిశోధకులు తామే పెట్టినవి!

అయినను ఫోను చూచు ప్రతి పిల్లవాడు రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగముల పట్టికలో ఆటల వ్యసనమును మాత్రము చేర్చినది. ఆట అదుపు తప్పవలెను, తక్కిన పనులన్నిటికంటె అదియే మిన్న కావలెను, నష్టము కనబడుచున్నను మానకుండవలెను. ఇది సాధారణముగా ఏడాదిపాటు సాగవలెను.

ఫోను పగులగొట్టిన పని జరుగదు. మన చీరల ఫోటోలు బేరగాండ్రకు పోవునది దానిలోనే. టింగుమను శబ్దములు ఆపివేయవచ్చును. రాత్రి ఇంటి ఫోనులన్నియు, తండ్రిది సహా, పడక గదికి బయట ఉంచవచ్చును. నేత నేర్చు పిల్లవాడు జానెడు నేసిన వెంటనే చూచి మెచ్చుకొనవచ్చును. చీర పూర్తియగుదాక ఆగనక్కరలేదు.

ఇంతటితో లొంగని పక్షమున బెంగుళూరు నిమ్హాన్స్ ఆస్పత్రిలో 2014 నుండి ఇందుకే ప్రత్యేక వైద్యశాల కలదు. అంతదూరము పోలేనివారు టెలిమానస్ సంఖ్య 14416కు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ సేవకు రుసుము లేదు. కన్నడములోను, తెలుగులోను మాటలాడుదురు.