మీ ‘అన్‌లిమిటెడ్’ వైఫై నెలాఖరుకు ఎందుకు నీరసిస్తుంది?

మీరు ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్‌లో ఉంటున్నారనుకుందాం. గేటు మీది బోర్డులో ‘అన్‌లిమిటెడ్ వైఫై’ అని ఉంది. రేపు ఉదయం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఈ రాత్రి వీడియో కాల్ పెట్టి చూస్తే అవతలి మనిషి ముఖం గళ్లు గళ్లుగా విడిపోతోంది. ఓనర్‌ను అడిగితే ‘కంపెనీ ప్రాబ్లం’ అంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే ‘మీ ఎఫ్‌యూపీ అయిపోయింది సార్’ అంటారు.

ఎఫ్‌యూపీ అంటే ఫెయిర్ యూసేజ్ పాలసీ. నెలకు ఇంత డేటా వరకే చెప్పిన వేగం, ఆ తర్వాత తగ్గించిన వేగం. అన్‌లిమిటెడ్ అనే మాటకు ఇక్కడ అర్థం ఒక్కటే: కనెక్షన్ ఆగదు, అదనపు బిల్లు పడదు. వేగం సంగతి ఆ మాటలో లేదు.

మన నగరంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2017 మార్చిలో యాక్ట్ ఫైబర్‌నెట్ హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ ప్లాన్ తెచ్చింది. నెలకు రూ.5,999, ఎఫ్‌యూపీ 1 టీబీ. లెక్క వేయండి: ఆ పూర్తి వేగంతో డౌన్‌లోడ్ చేస్తే నెల కోటా రెండుంపావు గంటల్లోపే అయిపోతుంది! అలా ఎవరూ వాడరు, నిజమే. కానీ ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉండేది వేగం, మన నెల గడిచేది కోటాతో.

ఇప్పుడు జియో, ఎయిర్‌టెల్ హోమ్ ప్లాన్లలో తరచూ కనిపించే పరిమితి 3.3 టీబీ, అంటే రోజుకు సుమారు 110 జీబీ. హెచ్‌డీ వీడియోకు గంటకు 3 జీబీ వేసుకుంటే 36 గంటలు. నలుగురున్న ఇంటికి ఎక్కువే. అదే 40 మంది ఉన్న హాస్టల్‌కు ఒకటే కనెక్షన్ అయితే మనిషికి వచ్చేది 2.75 జీబీ, గంట వీడియోకు కూడా చాలదు. చాలా ప్లాన్లలో అప్‌లోడ్ కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి క్లౌడ్‌కు రికార్డు చేసే సీసీ కెమెరాలూ కోటా తింటాయి.

అయితే ప్రతి మందగమనమూ ఎఫ్‌యూపీ కాదు. రాత్రి 9కి తగ్గి, తెల్లవారుజామున బాగుంటే అది రద్దీ: వీధిలో అందరూ ఒకే లైన్ సామర్థ్యాన్ని పంచుకుంటున్నారు. ఎఫ్‌యూపీ అయితే పగలూ రాత్రీ ఒకే తీరుగా నెమ్మదిస్తుంది, బిల్లింగ్ తేదీ మారగానే కోలుకుంటుంది. కంపెనీ యాప్‌లో వాడకం చూస్తే తేలిపోతుంది. రద్దీని సర్దడానికి కంపెనీలకు కొంత వెసులుబాటు ఉంది. కానీ 2018లో కేంద్రం ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ నిబంధనల ప్రకారం, తమకు గిట్టని యాప్‌ను మాత్రమే నెమ్మది చేయడం కుదరదు.

ట్రాయ్ 2016 ఆదేశం ప్రకారం డేటా పరిమితి ఎంత, అది దాటాక వేగం ఎంత అన్నది కంపెనీ స్పష్టంగా చెప్పాలి. వాడకం 50, 90, 100 శాతానికి చేరినప్పుడు కస్టమర్‌కు సమాచారం ఇవ్వాలి. కోటా తర్వాత కూడా వేగం 512 కేబీపీఎస్‌కు తగ్గకూడదు. ఆ వేగంతో 1 జీబీ ఫైల్‌కు నాలుగు గంటలకు పైనే పడుతుందనుకోండి. 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనమే 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. అంతకంటే తక్కువ ఇచ్చి దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అంటే గట్టిగా అడగండి.

ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు తప్పకుండా తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పీలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు తీసుకోదు. వినియోగదారుల కమిషన్ తలుపు మాత్రం తెరిచే ఉందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది. హెల్ప్‌లైన్ 1915.

హాస్టల్‌వాసులకు ఒక చిక్కుంది. కనెక్షన్ ఓనర్ పేరు మీద ఉంటుంది, హెచ్చరిక మెసేజ్‌లు ఆయన ఫోన్‌కే వెళ్తాయి. పైగా ఇంటి ప్లాన్‌ను హాస్టల్‌కు వాడితే కంపెనీ షరతులకే విరుద్ధం కావచ్చు. అందుకని అడ్వాన్స్ ఇచ్చే ముందే మూడు ప్రశ్నలు అడగండి: కోటా ఎంత, ఎంతమంది వాడుతున్నారు, బిల్లింగ్ తేదీ ఏది? రేపటి ఇంటర్వ్యూకు మాత్రం ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి.