ఆది జాకెట్టు

మా తమ్ముడి పెళ్ళి 1995లో జరిగింది. ఆ పెళ్ళి ఫోటోల ఆల్బం మా యింట్లో యిప్పటికీ వుంది. మా అమ్మాయి అప్పటికి అయిదు నెలల పిల్ల. ఆల్బంలో ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. మేనత్త చంకలో, తాతగారి ఒళ్ళో, పెళ్ళికూతురి తరపు ఎవరో ముత్తయిదువ చేతుల్లో. నేను మాత్రం ఒక్క ఫోటోలోనూ లేను. పదేళ్ళప్పుడు కాబోలు, అమ్మాయి ఆల్బం తిరగేస్తూ, "అమ్మా, నువ్వు మావయ్య పెళ్ళికి రాలేదా?" అని అడిగింది.

రాకేం, వచ్చాను. వచ్చి, తలంబ్రాల వేళకు సామాన్ల గదిలో అరిసెలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

దీనికంతటికీ కారణం ఒక జాకెట్టు. నా పెళ్ళినాటి కంచిపట్టు చీర, దానిమీది జాకెట్టు తీసి కట్టుకున్నాను. పట్టదని నాకు తెలుసు. తెలిసి గూడా వూపిరి బిగబట్టి హుక్కులు పెట్టేశాను. గుమ్మం దాటేలోపల ఒక హుక్కు పోయింది. విడిదిలో వంగి పసుపు కుంకుమలు అందిస్తుంటే రెండోది పోయింది. పైట భుజాల చుట్టూ కప్పుకుని నిలబడ్డాను. అప్పుడు మా దూరపు చుట్టం ఒకావిడ వచ్చి, "ఏమిటే, యింత లావయ్యావు! గుర్తే పట్టలేదు సుమీ!" అని నలుగురిలో అనేసింది. అంతే, సామాన్ల గది దారి పట్టాను. (రెండేళ్ళ తర్వాత నాకు టైఫాయిడు వచ్చి లేచినప్పుడు ఆవిడే, "అయ్యో, యింత చిక్కిపోయావేం తల్లీ!" అంది. ఆవిడ కంటికి ఆనేంత కొలతలో ఆడది యింకా పుట్టలేదు.)

పాత సంగతి యిప్పుడెందుకు తవ్వుతున్నానంటారా? ఆ అయిదు నెలల పిల్లే పురిటికి మా యింటికి వచ్చింది. సిజేరియన్ అయింది. బాబుకి మూడో నెల నడుస్తూండగా మరిది పెళ్ళి శుభలేఖ వచ్చింది. ఆ మధ్యాహ్నం గదిలోకి వెళ్ళి చూద్దును గదా, మంచంనిండా జాకెట్లు, మధ్యలో అమ్మాయి. కళ్ళు ఎర్రగా వున్నాయి. "నేను రావటంలేదని చెప్పెయ్యమ్మా. పిల్లాడికి వొంట్లో బాగాలేదందాం" అంది. పిల్లాడు పక్కనే పడుకుని నిక్షేపంలా కాళ్ళు ఆడిస్తున్నాడు!

ఆ మంచంమీది జాకెట్లు ఒక్కొక్కటే మడతపెడుతూ, ఆ రోజు అమ్మాయితో అన్న మాటలే మీకూ చెబుతున్నాను.

మొట్టమొదట, వొళ్ళు మనమీద కక్షకట్టి మారలేదు. బిడ్డ కోసం పెరిగిన గర్భాశయం మామూలు పరిమాణానికి రావటానికే సుమారు 6 వారాలు పడుతుంది. కడుపుకు ముందువైపు నిలువునా వుండే రెండు కండరాల పట్టీలు గర్భిణీగా వున్నప్పుడు ఒకదానికొకటి ఎడమవుతాయి. చాలామందికి కాన్పయిన రెండు నెలల్లో ఆ ఎడం చాలామట్టుకు తగ్గుతుంది. కొందరికి తగ్గదు, అంచేత ఎంత చిక్కినా పొట్ట ముందుకు వచ్చినట్టే వుంటుంది. వాళ్ళు ఫిజియోథెరపిస్టుకు చూపించుకుని తగిన వ్యాయామం నేర్చుకోవాలి గాని, అన్నం మానేస్తే అది సర్దుకోదు. పక్కటెముకల గూడు కొంచెం విచ్చుకుంటుంది. కొందరికి పాదాలు గూడా శాశ్వతంగా కాస్త సాగుతాయి. పాత చెప్పులు పట్టకపోతే నీరు పట్టిందని నెలల తరబడి ఎదురు చూడకండి. మెట్టెలు బిగుసుకుంటే తీసి సాగదీయించుకోండి.

తిండి తగ్గించి పాత జాకెట్టులో దూరదామనే ఆలోచన పాలిచ్చే తల్లికి పనికిరాదు. మొదటి ఆరు నెలలూ మామూలు తిండికి మించి రోజుకు 600 కేలరీలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చెబుతున్నారు. అత్తగారు కొసరి వడ్డించే ముద్ద వృథా పోదన్నమాట.

ఇక బట్టల సంగతి. మా నాయనమ్మ ముడి రవిక తొడిగేది. ముందువైపు రెండు కొసలూ కలిపి ముడి వేసుకునేది. వొళ్ళు వస్తే ముడి వదులు, చిక్కితే ముడి బిగువు. బిడ్డకు పాలివ్వాలంటే ముడి విప్పటం. అన్ని కాన్పులకూ ఆవిడకు అదే కొలత చాలింది. చీరకైతే కొలతే లేదు. అయిదున్నర మీటర్ల గుడ్డ, పదిహేనేళ్ళ పిల్లా కట్టుకోవచ్చు, బిడ్డల తల్లీ కట్టుకోవచ్చు. చిక్కంతా హుక్కుల జాకెట్టుతో వచ్చింది.

మీరు దర్జీ దగ్గరకు వెళితే ఏం చేస్తారు? సంచీలోంచి ఆది జాకెట్టు తీసి యిస్తారు. ఆ ఆది ఎప్పటిది? పెళ్ళికి ముందు కుట్టించినది! ఆ కొలతకు ఎన్ని కొత్తవి కుట్టించినా అన్నీ పట్టనివే అవుతాయి. మా అమ్మాయి మంచంమీద వున్న జాకెట్లలో మూడు, ఆరో నెలలో "ఎలాగూ తగ్గుతాను గదా" అని పాత ఆదికి కుట్టించినవి. కొత్త గుడ్డ, కొత్త కూలి, ఒక్కసారీ తొడగలేదు.

కాన్పయిన మొదటి ఆరు వారాల్లో జాకెట్లు కుట్టించకండి. వొళ్ళు యింకా వారానికొక తీరున వుంటుంది. ఆ తర్వాత అయినా పాత ఆది యింట్లో పెట్టి, కొత్తగా కొలత యివ్వండి. పాలిచ్చే తల్లులు బిడ్డకు పాలివ్వక ముందు, రొమ్ములు నిండుగా వున్నప్పుడు కొలత యిస్తే తర్వాత బిగుసుకోదు. హుక్కులు ముందుకే వుండాలి. వీపున హుక్కులూ తాళ్ళూ అందంగానే వుంటాయి, కాని పెళ్ళివారింట్లో బిడ్డ ఏడిస్తే హుక్కులు తీసేందుకు ఎవర్నో పిలవాలి! రెండు పక్కలా లోపల రెండేసి అంగుళాల గుడ్డ వదలమని దర్జీకి గట్టిగా చెప్పండి. కాజాలు రెండు వరుసలుగా, అంగుళం ఎడంలో వేయించుకోండి. ఈ నెల ఒక వరుస, పై నెల రెండో వరుస. ఈ ఉపాయం నాకు మా వీధి దర్జీ చెప్పాడు. యిన్నేళ్ళు ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు అడగలేదమ్మగారూ" అన్నాడు.

పాత జాకెట్లన్నీ పారేయనక్కర్లేదు. లోపల గుడ్డ వుంటే పక్క కుట్లు విప్పించండి. లేకపోతే చంక దగ్గరనుంచి నడుము వరకూ రెండు పక్కలా, అదే రంగు గుడ్డగాని, అంచుకు కలిసే రంగుగాని పీలికగా వేయించండి. చెయ్యి కింద వుంటుంది గనుక పైకి కనపడదు. పట్టు జాకెట్టు కుట్టు విప్పితే పాత సూది చిల్లులు కనిపిస్తాయి, అది మాత్రం ముందే చూసుకోండి.

లోపలి బాడీల సంగతి మనవాళ్ళు పెదవి దాటనివ్వరు. బిగుతు బాడీ, కింద తీగ గట్టిగా నొక్కేది, పాలిచ్చే రోజుల్లో వేసుకుంటే పాలు ఒకచోట గడ్డకట్టి నొప్పి, జ్వరం వచ్చే ప్రమాదం వుంది. భుజాల పట్టీ వెడల్పుగా, నూలుగుడ్డతో వుండి, ముందు తెరుచుకునేవి రెండో మూడో కొనుక్కోండి. డబ్బు పొదుపు చేయదలిస్తే యింకెక్కడైనా చేయండి.

లంగా బొందు గురించి మరి కాస్త చెప్పాలి. పొట్ట కనపడకుండా వుండాలని బొందు బిగించి కట్టటం మనలో చాలామందికి అలవాటు. బిగించినకొద్దీ బొందుకు పైనా కిందా వొళ్ళు ఉబికి, దాచాలనుకున్నది మరింత కనిపిస్తుంది. అంతటితో పోదు. 2024లో బి.ఎం.జె. కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో మహారాష్ట్ర, బీహారు డాక్టర్లు యిద్దరు పెద్ద వయసు స్త్రీల సంగతి ప్రకటించారు. ఒకావిడకు లంగా బొందు, ఒకావిడకు బిగించి కట్టిన చీరముడి, ఏళ్ళ తరబడి నడుము దగ్గర ఒరిసి ఒరిసి పుండు పడింది. ఆ పుండు మానక చివరికి చర్మం క్యాన్సరుగా తేలింది. ఇది బహు అరుదు, భయపడవద్దు. కాని నడుం దగ్గర నల్లని మచ్చ, దురద, మానని పుండు వుంటే మాత్రం నాటు మందు రాస్తూ కూర్చోకండి. సన్నని తాడు తీసేసి, రెండంగుళాల వెడల్పు పట్టీగాని, సాగే ఎలాస్టిక్ గాని వేయించుకుంటే సుఖంగా వుంటుంది. ఆపరేషన్ కాన్పయినవాళ్ళకు యిది మరీ ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే మన యిళ్ళలో కుట్టుమచ్చతో లంగా కట్టుకునే తల్లులు ఎంతమందో మీరే చూడండి.

పూర్వం బాలింతకు నడికట్టు కట్టేవారు, యిప్పుడు దుకాణాల్లో బెల్టులు అమ్ముతున్నారు. నడుముకు, కుట్లకు కాస్త ఆసరాగా వుండేట్టు కట్టుకుంటే హాయిగానే వుంటుంది. కొవ్వు కరిగిస్తుందన్న మాట మాత్రం నమ్మకండి. అతిగా బిగిస్తే లోపలి వొత్తిడి కిందికి పోయి, కాన్పులో అలసిన కటి కండరాలకే చేటు.

ఇక చీరలు. సన్నగా కనిపించాలని అందరూ జారుడు గుడ్డలు కొంటారు. మంచిదే, కాని అవి వొంటిని అంటిపెట్టుకుని మడతమడతా చూపిస్తాయి. గట్టిగా గంజిపెట్టిన కొత్త నూలు చీర దానికి విరుద్ధం. గుడారంలా లేచి నిలుచుంటుంది. నా అనుభవంలో, నాలుగు వుతుకులు పడి మెత్తబడిన మంగళగిరి నూలు చీరకు సాటి లేదు. వొంటిమీద నిలుస్తుంది, చెప్పినట్టు వింటుంది, బిడ్డ పాలు కక్కితే ఉతుక్కోవచ్చు. పెళ్ళికి పట్టే కావాలంటే గద్వాల చీర చూడండి. వొళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. చూపుకు పెళ్ళి చీరే, బరువు మాత్రం తక్కువ. కుచ్చెళ్ళు మరీ సన్నగా ఎక్కువ పెట్టి బొడ్డు దగ్గర గుత్తిగా దోపకండి. వెడల్పుగా తక్కువ పెట్టి, కొంచెం ఎడమకు సర్దండి. పైట పిన్నుపెట్టి మడతలు పేర్చటం కంటె, ఒక పొర విప్పి చేతిమీదుగా వదిలితే, బిడ్డకు పాలిచ్చేటప్పుడు అదే దుప్పటి.

లావుగా వున్నవాళ్ళు ముదురు రంగులే కట్టాలన్న మాట నాకు గిట్టదు. మామిడిపండు రంగు యిష్టమైతే అదే కట్టండి.

నైటీల గురించి నేనేమైనా అంటే చెల్లెళ్ళందరూ నామీదికి వస్తారు. సుఖమైన బట్టే, కాదనను. కాని పొద్దుట తొడిగినది మర్నాడు పొద్దుటిదాకా, పైన తువ్వాలు కప్పుకుని పాలవాడికీ, కొరియరువాడికీ ఎదురు వెళ్ళటమే జీవితమైతే, అద్దం ముందుకు వెళ్ళాలని ఎలా అనిపిస్తుంది? స్నానం కాగానే వదులైన కుర్తా, పైజమా వేసుకున్నా సరే. పక్కల జిప్పులు పెట్టి, బిడ్డకు పాలిచ్చేందుకు వీలుగా కుట్టినవి యిప్పుడు ఎక్కడ చూసినా దొరుకుతున్నాయి. మామూలు కుర్తాకే దర్జీ చేత జిప్పు వేయించుకుంటే చవక.

ఉద్యోగస్తురాళ్ళకు యిది అలంకారం మాటే కాదు. 2017లో సవరించిన చట్టం మొదటి రెండు కాన్పులకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు యిచ్చింది. 50 మందిగాని, అంతకు మించిగాని పనిచేసే చోట పిల్లల గది వుండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ గూడా అందులో వుంది. అలా వెళ్ళే తల్లికి వీపు హుక్కుల జాకెట్టు, వంద పిన్నుల చీర ఎంత యిబ్బందో ఆలోచించండి. సెలవు అయిపోయే ముందు వారం, ఆఫీసుకు తొడిగే నాలుగు జతలు యింట్లోనే వేసుకుని, కూర్చుని, వంగి, బిడ్డను ఎత్తుకుని చూడండి. ఎక్కడ లాగుతుందో యింట్లోనే తెలుస్తుంది.

మర్నాడు నేనూ అమ్మాయీ దర్జీ దగ్గరకు వెళ్ళాం. అమ్మాయి సంచీలోంచి పాత ఆది తీయబోతే చేయి పట్టుకున్నాను. దర్జీ భార్య టేపు తీసుకుని కొలిచి అంకెలు పైకి చదివింది. అమ్మాయి తల దించుకుంది. "పోయిన వారం మా కోడలికి గూడా యింతే వచ్చిందమ్మా" అంది ఆవిడ పుస్తకంలో రాసుకుంటూ. అదే అంకె. అమ్మాయి తలెత్తి, "మీ కోడలికి పాపా, బాబా?" అని అడిగింది.

పెళ్ళికి గద్వాల చీరే కట్టింది, మామిడిపండు రంగుది. మంటపం దగ్గర అందరూ ఫోటోకు నిలబడేవేళకు బాబు సరిగ్గా ఆమె భుజంమీద పాలు కక్కాడు. కొంగుతో తుడుచుకుని, నవ్వుతూ నిలబడింది. నేను అలవాటు చొప్పున పక్కకు తప్పుకోబోయాను. "అమ్మా, ఎక్కడికి? నా పక్కన నిలబడు" అని కేకేసింది. ఫోటో తీసే కుర్రాడు, "అమ్మగారూ, యింకొంచెం లోపలికి జరగండి" అన్నాడు.

జరిగాను.