ఒక్క ఫోటాన్ ఎటు వెళ్తుంది?

రాత్రి గదిలో లైటు వేసి కిటికీ అద్దం దగ్గర నిలబడండి. అందులో మీ ముఖం మసకగా కనిపిస్తుంది. అదే సమయంలో వీధిలో ఉన్నవాళ్లకూ మీరు కనిపిస్తారు. అంటే వెలుగులో చాలా భాగం అద్దం దాటిపోయింది, కొంచెం వెనక్కి తిరిగింది.

మరి వెలుగును ఒక్కొక్క కణంగా, అంటే ఒక్కొక్క ఫోటాన్‌గా పంపితే? ఫోటాన్ ముక్కలవ్వదు. క్వాంటమ్ సమీకరణంలో దానికి రెండు దారులూ ఉంటాయి. తీరా కొలిచి చూస్తే ఒకటే కనిపిస్తుంది. రెండోది ఏమైనట్టు?

అదీ ఉందన్నాడు హ్యూ ఎవరెట్. 1957లో, ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ చేస్తూ చెప్పిన మాట ఇది. కొలిచినప్పుడు ప్రపంచమే రెండు శాఖలుగా విడిపోతుందట. ఫోటాన్ దాటిపోవడం చూసిన మీరు ఒక శాఖలో, తిరిగి రావడం చూసిన మీరు మరో శాఖలో ఉంటారట! ఎంత ధైర్యమైన ఆలోచనో చూడండి. దీనికే తర్వాత బహుళ ప్రపంచాల సిద్ధాంతమని పేరొచ్చింది.

ఇందులో కాలం చెట్టులాంటిది. ఏ కొమ్మ చివరి నుంచైనా మొదలుకు దారి ఒకటే. మొదలు నుంచి పైకి చూస్తే ఎన్నో దారులు. అలాగే మనకు నిన్న ఒక్కటే, రేపులు అనేకం. నాకు బాగా నచ్చేది ఇదే.

విడిపోయిన శాఖలోకి తొంగిచూడలేం కాబట్టి శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా తెగలేదు.