అంకె ఒకటే... అందే ఆక్సిజన్ వేరు!

ఆసుపత్రి వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు రోగులు. ఒకరికి ముక్కులో సన్నని గొట్టం, మరొకరికి మాస్కు. గోడకున్న రెండు ఫ్లోమీటర్లలోనూ చిన్న బంతి 6 దగ్గరే ఆడుతోంది. అంటే నిమిషానికి 6 లీటర్లు. ఇద్దరికీ సమానంగా ఆక్సిజన్ అందుతోందనే అనుకుంటారు ఎవరైనా. కానీ ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలిలో ఆక్సిజన్ ఎంత శాతమన్నది ఆ బంతి ఒక్కటే తేల్చదు. తగిలించిన పరికరం, రోగి ఊపిరి తీసే తీరు... ఈ రెండూ కలిసి తేలుస్తాయి.

మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ప్రశాంతంగా ఉన్న మనిషి కూడా ఊపిరి పీల్చే క్షణంలో నిమిషానికి 30 లీటర్ల వేగంతో గాలిని లాగుతాడు. ఆయాసంతో ఉంటే అది 60 లీటర్లు దాటిపోతుంది. గొట్టంలోంచి వచ్చేది ఆరే లీటర్లయితే తక్కినదంతా ఎక్కడిది? గదిలోని మామూలు గాలే! అందుకే ఆయాసం పెరిగేకొద్దీ అదే 6 లీటర్లు ఇంకా పలచబడిపోతాయి.

ఏది ఎంత ఇస్తుంది?

ముక్కు గొట్టానికి సాధారణంగా 1 నుంచి 6 లీటర్లు పెడతారు. అందే ఆక్సిజన్ సుమారు 24 నుంచి 44 శాతం. మాట్లాడవచ్చు, తినవచ్చు. సాదా మాస్కుతో 40 నుంచి 60 శాతం దాకా అందుతుంది. అయితే దానికి కనీసం 5 లీటర్లు ఉండాల్సిందే. అంతకంటే తగ్గిస్తే వదిలిన ఊపిరి మాస్కులోనే నిలిచిపోయి, రోగి మళ్లీ దాన్నే పీలుస్తాడు.

కింద సంచి వేలాడే మాస్కు మరో రకం. 10 నుంచి 15 లీటర్లు పెడితే 60 నుంచి 90 శాతం ఇవ్వగలదు. ఊపిరి పీల్చినప్పుడు ఆ సంచి పూర్తిగా చప్పబడిపోకూడదు. అలా జరుగుతుంటే వెంటనే నర్సును పిలవాలి.

కొవిడ్ రోజుల్లో అందరి నోటా వినిపించిన ‘హైఫ్లో’ యంత్రం వెచ్చబరచి, తేమ కలిపిన గాలిని నిమిషానికి 60 లీటర్ల దాకా ముక్కులోకి పంపుతుంది. రోగి లాగే వేగానికి సరిపడా గాలి అందులోంచే వస్తుంది కాబట్టి శాతం పెద్దగా పడిపోదు.

ఎక్కువైనా ముప్పే

‘ఇంకాస్త పెంచితే మంచిదేగా’ అనుకుంటారు చాలామంది. ఏళ్ల తరబడి బీడీ, సిగరెట్లు తాగినవాళ్లకూ, కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లకూ వచ్చే సీఓపీడీ జబ్బులో ఆ ‘ఇంకాస్త’ ప్రాణం మీదకు తేవచ్చు. ఆక్సిజన్ మితిమీరితే వీరిలో కొందరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. మగత కమ్ముతుంది, మాట తడబడుతుంది. రోగి హాయిగా నిద్రపోతున్నాడని ఇంట్లోవాళ్లు పొరబడే ప్రమాదం ఉంది.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సు ఎక్కిన 405 మంది ఆయాసం రోగుల మీద జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. అందరికీ ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చిన బృందంలో 9 శాతం మంది చనిపోగా, రీడింగ్ 88-92 మధ్య ఉండేలా కొలిచి ఇచ్చిన బృందంలో మరణాలు 4 శాతమే. ఆరోగ్యవంతులకు 95 పైన ఉండే రీడింగ్, కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ముప్పున్న సీఓపీడీ రోగులకు 88-92 మధ్య ఉంటే చాలంటారు వైద్యులు.

ఇలాంటివారి కోసమే వెంచురీ మాస్కు. బ్రిటిష్ వైద్యుడు మోరన్ క్యాంప్‌బెల్ 1960లో ఈ పద్ధతిని వైద్యలోకం ముందుంచాడు. సన్నటి రంధ్రంలోంచి దూసుకొచ్చే ఆక్సిజన్, పక్క కిటికీల్లోంచి గది గాలిని లెక్కప్రకారం లాక్కుంటుంది. 28 శాతం బిళ్ల అమర్చి 4 లీటర్లు పెడితే, దానికి తోడు 40 లీటర్ల గాలి వచ్చి కలుస్తుంది. ఇక్కడ లీటర్లు పెంచినా శాతం పెరగదు. బిళ్ల మార్చాలి!

ఇంట్లో వాడేటప్పుడు...

2021 రెండో వేవ్‌లో చాలా ఇళ్లకు కాన్సన్‌ట్రేటర్లు వచ్చాయి. 5 లీటర్ల యంత్రానికి సంచి మాస్కు తగిలిస్తే సంచి నిండదు. దానికి ముక్కు గొట్టమే సరైన జోడీ. సిలిండర్ అయితే ముందే లెక్క చూసుకోవాలి. 1,500 లీటర్లు పట్టే చిన్న సిలిండర్ నిమిషానికి 5 లీటర్ల చొప్పున 5 గంటలు వస్తుంది. అదే 15 లీటర్లయితే గంటా నలభై నిమిషాల్లో ఖాళీ!

మాస్కు మీదున్న రోగికి అన్నం పెట్టేటప్పుడు దాన్ని ఊరికే తీసి పక్కన పెట్టకూడదు. తినేంతసేపూ ముక్కు గొట్టం పెట్టవచ్చేమో నర్సును అడగాలి. డిశ్చార్జి రోజున కూడా ‘ఎన్ని లీటర్లు’ అని మాత్రమే తెలుసుకుంటే సరిపోదు. ఏ పరికరంతో, రోజుకు ఎన్ని గంటలు, రీడింగ్ ఎంత నుంచి ఎంత మధ్య ఉండాలి... ఈ మూడూ చీటీలో రాయించుకోవాలి. ఆక్సిజన్ కూడా మందే. డాక్టరు చెప్పకుండా మోతాదు మార్చకూడదు.