ఇంటితో సహా ప్రయాణం

అమెరికాలో ఉన్న పిల్లల వద్ద మూడు నాలుగు నెలలు గడిపి రావడం మన సంస్థలో పదవీ విరమణ చేసిన వారికి ఇప్పుడు తీర్థయాత్ర వంటిదయింది. అట్లా వెళ్ళిన వారు వేసవి సెలవులలో ఏదో ఒక సాయంకాలం ఈ ప్రశ్నను ఎదుర్కొనే అవకాశం ఉన్నది: "నాన్నగారూ, ఈసారి ఆర్.వి. తీసుకొని ఎల్లోస్టోన్ వెళ్దామా?" ఔనని చెప్పే ముందు తెలిసి ఉండవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి మన పాఠకులకు ఉపకరించగలవని ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆర్.వి. అనగా రిక్రియేషనల్ వెహికిల్. మంచము, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ అమర్చిన బండి. కారు వెనుక తగిలించి లాగేవి కొన్ని, స్వయంగా నడిచేవి కొన్ని. అద్దెకు తరచుగా దొరికేది రెండవ రకం. డ్రైవరు తల మీదుగా ఒక పడక ముందుకు పొడుచుకొని వస్తుంది. పొడవు సుమారు 25 నుండి 30 అడుగులు. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్టణ పరిసరాలలో వీటి తయారీ ఒక పెద్ద పరిశ్రమ.

హోటలు ఖర్చు కలిసి వస్తుందని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు. బండికి అద్దె, పరిమితి దాటిన మైళ్ళకు రుసుము, రాత్రి నిలిపిన చోట రుసుము. పెట్రోలు సంగతి చెప్పనే అక్కరలేదు. గ్యాలనుకు 8 నుండి 10 మైళ్ళు, అంటే మన లెక్కలో లీటరుకు సుమారు నాలుగు కిలోమీటర్లు. అసలు లాభం వేరొకటి ఉన్నది. మోకాళ్ళ నొప్పులు, మధుమేహం, గంటకొకసారి మరుగుదొడ్డి అవసరం, వేళకు కాస్త అన్నం - ఈ కారణాల చేతనే కదా మన వయసు వారు "మీరు వెళ్ళి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాను" అని తప్పుకొనేది! అటువంటి వారిని ఇంట విడిచి వెళ్ళనవసరం లేకుండా చేసేది ఈ బండి. నా దృష్టిలో దాని విలువ అంతా అందులోనే ఉన్నది.

బండిలో కాపురం సజావుగా సాగాలంటే ముందుగా తెలియవలసినది నీటి లెక్క. కాలనీ క్వార్టర్సులో కుళాయి తిప్పినంత సులువు కాదు. అడుగున మూడు తొట్లు ఉంటాయి. ఒకటి మంచినీటిది. రెండవది స్నానము, గిన్నెలు కడిగిన నీరు చేరేది. మూడవది మరుగుదొడ్డిది. మొదటిది ఖాళీ అయినా, తక్కిన రెండింటిలో ఏది నిండినా కాపురం ఆగిపోతుంది. ఒళ్ళు తడుపుకొని, నీరు కట్టివేసి, సబ్బు రుద్దుకొని, మళ్ళీ నీరు విప్పి కడుగుకొనడం ఇక్కడి స్నానవిధి. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూచిన మన తరానికి ఇది కష్టం కాదు, మనవలకే కష్టం.

భోజనమైన తరువాత కంచాలకు అంటిన నూనెను, పోపు గింజలను కాగితంతో తుడిచి బుట్టలో వేసి, ఆ తరువాతనే కడగవలెను. లేనియెడల రెండవ తొట్టి మూడు రోజులకే తన ఉనికిని చాటుకొంటుంది. బియ్యం కడిగిన నీటిని చెట్టు మొదట్లో పోయాలని మన ఇల్లాండ్రకు అనిపించడం సహజమే గాని, జాతీయ పార్కులలో వాడిన నీటిని నేల మీద పోయడం నిషిద్ధం.

మూడవ తొట్టి విషయంలో మన అలవాటు మనకు కలిసి వస్తుంది. అందులో నీరు ధారాళంగా ఉంటేనే అంతా సాఫీగా పోతుంది కనుక, అక్కడి వారికి వింతగా తోచే మన చెంబు ఇక్కడ దోషం కాదు, గుణమే. కాగితం వాడదలిస్తే త్వరగా కరిగే రకమే వాడాలి. తొట్టి మూడింట రెండు వంతులు నిండే దాకా దాని వాల్వు మూసి ఉంచాలి. ఎప్పుడూ తెరిచి ఉంచితే ద్రవం జారిపోయి, మిగిలినది అడుగున గట్టిపడుతుంది. ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి తొట్టిని, తరువాత స్నానాల తొట్టిని వదలాలి; రెండవదాని సబ్బునీరు గొట్టాన్ని కడుగుతుంది. చేతికి తొడుగులు తప్పనిసరి. మంచినీటి గొట్టాన్ని ఆ దరిదాపులకు రానీయరాదు. ఈ పని అల్లుడుగారు తామే చేస్తామని ముందుకు వచ్చినా కొడుకు చేత చేయించడమే కుటుంబ శాంతికి మంచిది.

విద్యుత్తు సంగతి మన విద్యుత్ విభాగం మిత్రులకు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: 120 వోల్టులు, 30 ఆంపియర్లు, వెరసి 3,600 వాట్లు. ఎయిర్ కండిషనరు నడుస్తుండగా మైక్రోవేవ్, కాఫీకి కెటిల్ కలిపి పెడితే బ్రేకరు పడిపోతుంది. ఇక్కడి నుండి తీసుకువెళ్ళిన 230 వోల్టుల మిక్సీ అక్కడ పనికిరాదు. పొడులు, పచ్చళ్ళు, రుబ్బిన పిండి ముందే సిద్ధం చేసుకొనడం మేలు.

పోపు వేయగానే పొగను పసిగట్టే అలారం కూత పెడుతుంది. దానిని భరించలేక బ్యాటరీ ఊడదీయవద్దని ప్రత్యేకంగా మనవి. నూనె కాగక ముందే పైకప్పు కిటికీ తెరిచి, ఫ్యాను వేయండి. అదే బండిలో వంటగ్యాసు కారితే తెలిపేది, కార్బన్ మోనాక్సైడును కనిపెట్టేది కూడా ఉంటాయి. ఈ రెండవ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ప్రాణం తీస్తుంది. చలి ఎంతగా ఉన్నా పొయ్యి వెలిగించి వెచ్చదనం కోసం వదలి పడుకొనరాదు. అందరూ నిద్రించే వేళ జెనరేటరు నడపరాదు.

ఎల్లోస్టోన్ సరస్సు సముద్ర మట్టానికి 7,700 అడుగులకు పైన ఉన్నది. అక్కడ నీరు సుమారు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది కాబట్టి తెరిచిన గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు; చిన్న ప్రెషర్ కుక్కరు వెంట ఉండవలసిందే. సరస్సు దగ్గరి ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట ఎలుగుబంట్ల సంచారం కారణంగా గట్టి గోడలున్న బండ్లనే నిలపనిస్తారు, గుడ్డ గుడారాలను అనుమతించరు. ఆవకాయ జాడీని బయట బల్ల మీద మరచిపోయే స్వేచ్ఛ అక్కడ లేదు.

ఇన్సులిన్ వాడే వారు ఫ్రిజ్ గురించి మరికొంత జాగ్రత్త వహించాలి. గ్యాసుతో పనిచేసే ఫ్రిజ్ బండి సమతలంగా నిలిచి ఉంటేనే సరిగా చల్లబరుస్తుంది. కనుక ఏటవాలు నేలపై చక్రాల కింద దిమ్మలు పెట్టి సరిచేయాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. దానిని ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే వెనుక భాగానికి ఆనించక, పక్కనే చిన్న థర్మామీటరు ఉంచితే నిశ్చింత.

ఇక బండి ఎత్తు. పది నుండి పన్నెండు అడుగుల వరకు ఉంటుంది. నార్త్ కరోలినాలో మనవారు చాలామంది నివసించే డర్హమ్ నగరంలో 11 అడుగుల 8 అంగుళాల రైలు వంతెన ఒకటి ఎన్నో లారీల పైకప్పులను ఒలిచి ప్రసిద్ధి కెక్కింది. 2019లో దానిని 8 అంగుళాలు పైకి లేపిన తరువాత కూడా ఢీకొట్టే వారు కొట్టుతూనే వచ్చారు. బండి ఎత్తును కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి డ్రైవరు కళ్ళ ఎదుట అంటించండి.

బండి వెనుకకు నడిపేటప్పుడు పెద్దాయనకు ఒక ఉద్యోగం దొరుకుతుంది. మన ఆర్టీసీ కండక్టర్ల "రైట్ రైట్", "హోల్డాన్" అక్కడ కూడా చక్కగా పనిచేస్తాయి. నిలబడేది మాత్రం అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించే చోటనే. ఆయన ముఖం మీకు కనిపించలేదంటే మీరు ఆయనకు కనిపించడం లేదన్న మాట. బండి కదులుతున్నంతసేపు అందరూ బెల్టు పెట్టుకొని కూర్చోవాలి. నడుస్తున్న బండిలో లేచి కాఫీ కలపడం సాహసమే గాని సౌకర్యం కాదు.

"అత్తయ్యగారూ, మీరు కూర్చోండి" అని కోడలు ప్రేమతోనే అంటుంది. నాలుగు రోజులు అదే మాట విన్న ఆవిడకు తాను సామానులో ఒకటినన్న భావన కలుగుతుంది. బయలుదేరే ముందు చూడవలసిన వాటి జాబితా ఆవిడ చేతికి ఇవ్వండి. మెట్టు లోపలికి మడిచారా, కరెంటు తీగ, నీటి గొట్టాలు విప్పారా, అలమారు తలుపులు బిగించారా అని ఆవిడ ఒక్కొక్కటిగా చదివి, అందరి చేత జవాబు చెప్పించనిదే బండి కదలరాదు.

బస చేసే చోట్ల సాధారణంగా రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలి. మనకు అక్కడ రాత్రి అయినప్పుడు ఇక్కడ ఉదయం. చెల్లెలితో, వియ్యపురాలితో స్పీకరు పెట్టి మాట్లాడాలనిపించేది సరిగ్గా ఆ వేళలోనే. కిటికీలు పలుచన.

బండి తిరిగి అప్పగించే రోజున తొట్లు ఖాళీ చేసి, ఒప్పందంలో ఉంటే గ్యాసు నింపి ఇవ్వాలి. ఫ్రిజ్ తలుపు అర ఒకసారి చూడండి. ఇన్సులిన్‌తో పాటు గోంగూర పచ్చడి సీసా కూడా అక్కడే ఉంటుంది.