గుంపుగా బండ్ల మీద వెళ్లే మన బిడ్డలకు

2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డుపై జరిగిన బైకు ప్రమాదంలో క్రికెటర్ అజారుద్దీన్ గారి కుమారుడు, వెంట ఉన్న బంధువు ఇద్దరూ మరణించారు. అది పెద్ద బండి, వేగం ఎక్కువ అని అందరం సర్దిచెప్పుకున్నాం. మరి సభలకు మాచర్ల రోడ్డున గుంపుగా వెళ్లే మన యౌవనస్థుల సంగతేమిటి? గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ముందు బండి ఆగడం చూసి బ్రేకు నొక్కేలోపే అంత దూరం పోతాము. కనుక కనీసం రెండు సెకన్ల ఎడం ఉంచండి. మాటలాడుకుంటూ పక్కపక్కన వెళ్లవద్దు.

తోటివాడు పడితే స్నేహితులు లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు, ప్రేమతోనే. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లేపడంతోనే కాళ్లు చేతులు పడిపోవచ్చు. స్పృహ సరిగా లేనివారికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తల కదలకుండా పట్టుకొని, రక్తం కారేచోట గుడ్డతో అదిమి, 108కి ఫోను చేయండి.